రాత్రి మూడు గంటల అంకె

అమ్మలూ,

నువ్వు డెక్ క్యాడెట్‌గా, అంటే ఓడ ఆఫీసరు పని నేర్చుకునే పిల్లగా, ఓడ ఎక్కుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో సగం సంతోషం, సగం "అంతా నీ వల్లే అన్నయ్యా" అన్న నిష్ఠూరం. చిన్నప్పుడు నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఓడల కబుర్లు చెప్పింది నేనే కాబట్టి కాదనలేకపోయాను. మీ పెద్దమ్మకి చెబితే, "ఆడపిల్ల, అంత దూరం..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపి, "దానికి ఈత బాగా వచ్చు కదూ?" అంది. వచ్చు అన్నాను. నడిసముద్రంలో పడ్డాక ఈత పెద్దగా అక్కరకు రాదని, పడకుండా చూసుకోవడమే పని అని ఆవిడకి చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ముప్పై ఆరేళ్ళు నీళ్ళ మీద తిరిగినవాణ్ణి, నీ కబురు విన్న రాత్రి మూడుసార్లు లేచి బయటికి వెళ్ళొచ్చాను. గర్వమో భయమో తేలలేదు. తెల్లారాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వాట్సాప్‌లో పెట్టొచ్చు గానీ, పెద్ద మెసేజ్ కనిపిస్తే నువ్వు సగమే చదివి బొటనవేలు బొమ్మ పెడతావు.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. పాస్‌పోర్టు, సీడీసీ అనే ఓడ ఉద్యోగుల పుస్తకం, మెడికల్, కోర్సుల సర్టిఫికెట్లు అన్నిటికీ రెండేసి జిరాక్సులు తీయించుకో. సేఫ్టీ షూస్ నీ కాలికి పట్టేవి నువ్వే చూసి కొనుక్కో. జుట్టు బిగించి ముడి వేసుకో. ఉంగరాలు వద్దు. తాళ్ళు లాగే వించి యంత్రం దగ్గర ఉంగరంతో పాటు వేలు పోయినవాణ్ణి నేను చూశాను. ఎక్కిన రోజే నీ క్యాబిన్ నుంచి లైఫ్‌బోటు దాకా మెట్లు లెక్కపెట్టుకుంటూ నడిచి, మళ్ళీ కళ్ళు మూసుకుని నడువు. చన్నీళ్ళలో పడ్డా ఒంటిని కాపాడే ఇమ్మర్షన్ సూటు రెండు నిమిషాల్లో తొడుక్కోవాలని రూలు. కోర్సులో ఒకసారి తొడుక్కున్నాను కదా అనుకోకు, అర్ధరాత్రి ఓడ ఊగుతుంటే తొడుక్కోవడం వేరు. డెక్కు మీద ఒక చెయ్యి ఓడది, ఒక చెయ్యి నీది. రెండు చేతులూ ఓడకి ఇచ్చేశావని తెలిస్తే అక్కడికే వచ్చి తిడతాను.

ఇంకొకటి, ఇది మీ నాన్న చెప్పలేడు కాబట్టి నేను చెబుతున్నాను. 2021లో లెక్క తీస్తే, ప్రపంచంలో సర్టిఫికెట్ ఉన్న ఓడ ఉద్యోగుల్లో ఆడవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. ఇరవై మందిలో నువ్వొక్కదానివే ఉండొచ్చు. నాతో పనిచేసినవాళ్ళలో చాలామంది మంచివాళ్ళే, నీకూ అలాంటివాళ్ళే దొరుకుతారు. అయినా రాత్రి గడియ వేసుకో. కంపెనీ తరఫున ఒడ్డున ఒక బాధ్యుడు ఉంటాడు, డీపీఏ అంటారు, ఆ నంబరు ఓడలో గోడ మీద అంటించి ఉంటుంది. మొదటి రోజే ఫోన్లో ఎక్కించుకో. ఎవరైనా హద్దు దాటితే, ఇంత చిన్నదానికి ఫోన్ ఏమిటని ఆలోచిస్తూ కూర్చోకు. ఆ ఆలోచనలో నాలుగు నెలలు గడిచిపోతాయి.

ఇక నా భయాల సంగతి. మీ పెద్దమ్మ నన్ను ఎప్పుడూ ఏడిపిస్తుంటుంది, పడుకోబోయే ముందు కిటికీ గడియలు రెండేసిసార్లు చూస్తానని. ఆ అలవాటు వయసుతో వచ్చింది కాదు. డెర్బీషైర్ అని బ్రిటిష్ వాళ్ళ ఓడ ఒకటి ఉండేది. దాదాపు మూడు వందల మీటర్ల పొడవు, కట్టి నాలుగేళ్ళు. 1980 సెప్టెంబరు 9న జపాన్‌కి దక్షిణాన ఆర్కిడ్ అనే టైఫూన్‌లో మాయమైపోయింది. 44 మంది పోయారు. "ఆపదలో ఉన్నాం" అన్న ఒక్క మాట కూడా రేడియోలో వినబడలేదు. మా ఓడలో ఆ కబురు విన్న రోజు ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. అంత ఓడ ఎలా పోతుంది? 1994లో నాలుగు కిలోమీటర్ల లోతున దాని ముక్కలు దొరికాక, ఫొటోలు తీసి, ఏళ్ళ తరబడి విచారణ చేసి తేల్చిందేమిటంటే, మొదలు అంతా ముందుభాగంలోని గాలి గొట్టాలు, వెంటిలేటర్ల దగ్గరట. అలలు వాటిని విరగ్గొట్టాయి. అక్కడి నుంచి నీళ్ళు గంటల తరబడి లోపలికి దిగి, ముక్కు కిందికి వాలి, ఆపైన అలలు సరుకు గదుల మీది పెద్ద హ్యాచ్ మూతల మీద పడ్డాయి. మూడు వందల మీటర్ల ఓడకి చేటు తెచ్చినవి మనిషి కావలించుకోగలిగినంత గొట్టాలు.

అందుకని చిన్న మూత దగ్గరికి పంపినప్పుడు విసుక్కోకు. బోల్టులు చేత్తో తిప్పి చూడు. బిగించి ఉన్నట్టు కనబడడం వేరు, బిగించి ఉండడం వేరు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా తెలియదు. మీ పెద్దమ్మకి పెళ్ళైన పదేళ్ళకి చెప్పాను.

నేనూ నీలాగే క్యాడెట్‌గా ఎక్కాను. అది బంగాళాఖాతంలో నవంబరు నెల. నాకు రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్, అంటే కాపలా డ్యూటీ, సెకండ్ ఆఫీసర్‌తో. సాయంత్రం నుంచీ ఆగ్నేయం వైపు నుంచి పొడుగాటి అలలు వస్తున్నాయి. మా దగ్గర గాలి అంత లేదు, అలలు మాత్రం ఎక్కడో పుట్టి మా దాకా నడిచొస్తున్నాయి. తుఫాను ముందుగా పంపే కబురు అదే, గాలి కంటే ముందు అల వస్తుంది. మా కెప్టెన్‌కి అనుమానం వచ్చింది. పడుకునే ముందు నైట్ ఆర్డర్ పుస్తకంలో రాశాడు: గాలి ఒత్తిడి కొలిచే బారోమీటరు గంట గంటకీ చూడండి, ఆ వేళకి ఉండాల్సిన దానికంటే మూడు మిల్లీబార్లు తగ్గితే నన్ను లేపండి.

ఆ మూడు అంకె సంగతి నువ్వు పరీక్ష కోసం చదివే ఉంటావు. ఉష్ణమండలంలో గాలి ఒత్తిడి రోజుకి రెండుసార్లు మనిషి ఊపిరిలాగా ఎక్కి దిగుతుంది. పొద్దున్న పదింటికి, రాత్రి పదింటికి ఎక్కువ, తెల్లవారుజామున నాలుగింటికి, సాయంత్రం నాలుగింటికి తక్కువ. ఆ ఊపిరిని తీసేసి చూసుకుని, మూడు తగ్గితే అనుమానించాలి. ఐదు తగ్గితే అనుమానం కూడా అక్కర్లేదు, దగ్గర్లో తుఫాను ఉన్నట్టే.

ఒంటి గంటకి చూశాను. 1008. ఓడలో గంట గంటకీ అన్నీ రాసిపెట్టే లాగ్‌బుక్కులో రాశాను. ఆ తర్వాత నా కడుపు తిరగడం మొదలైంది. అంతకుముందు రెండు నెలలు సముద్రం చదునుగా ఉండడంతో, నా ఒంటికి ఓడ పడిందని, వాంతులు గట్రా ఉండవని అందరి దగ్గరా గొప్పలు పోయాను. ఇప్పుడు చార్ట్‌రూమ్ వెనకాల బకెట్ పెట్టుకుని నేల మీద కూలబడ్డాను. సెకండ్ ఆఫీసర్ బ్రిడ్జి రెక్క మీద, అంటే ఓడ నడిపే గది పక్కన ఆరుబయట, చీకట్లోకి చూస్తూ నిలబడి ఉన్నాడు. రెండు అయింది, లేవలేదు. మూడు అయింది, బారోమీటరు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది, అయినా లేవలేదు. "ఎంతుందోయ్?" అని ఆయన బయటి నుంచే అరిచాడు. నేను నేల మీద నుంచే, "1007 పైన పాయింట్ రెండు సార్" అని అరిచాను. ఆ వేళకి మామూలుగా కొంచెం తగ్గాలి కాబట్టి, కొంచెం తగ్గించి చెప్పాను. చదువుకున్నవాడి అబద్ధం అలాగే ఉంటుంది, నమ్మబలికేలా.

నాలుగింటికి వాచ్ అప్పగించాలి కాబట్టి లేచాను. రెండు గంటల గడిలో 1007.6, మూడు గంటల గడిలో 1007.2 రాసి, అప్పుడు బారోమీటరు దగ్గరికి వెళ్ళి అద్దం మీద వేలితో మెల్లగా తట్టాను. ముల్లు టక్కున దిగి 1003.4 దగ్గర ఆగింది.

అమ్మలూ, ఇక్కడిదాకా నాది బద్ధకం, బలహీనత. ఒంట్లో బాగాలేని ఇరవై ఏళ్ళ కుర్రాడి పొరపాటు. అసలు తప్పు ఆ తర్వాత నిమిషంలో చేశాను. 1003.4 అని రాస్తే, గంటలో దాదాపు నాలుగు మిల్లీబార్లు ఎలా పడిందని అడుగుతారు. పై రెండు గడులూ దొంగవని తెలిసిపోతుంది. నేను పెన్ను పట్టుకుని నిలబడ్డాను. బయట గాలి గొంతు మారింది, అది కూడా విన్నాను. అయినా 1006.8 అని రాశాను.

ముందు రాసినవి చూడకుండా రాసిన అంకెలు. ఇది చూసి రాసింది.

నాలుగింటికి చీఫ్ ఆఫీసర్ వచ్చాడు. లాగ్‌బుక్కు చూశాడు, మెల్లగా దిగుతోంది, మామూలే అనుకున్నాడు. నేను కిందికి పోయి పడుకున్నాను. ఐదింటికి ఆయన తన వంతుగా చూస్తే 1002. ఆయన ముల్లు ఇరుక్కుందేమో అనుకుని, రెండో బారోమీటరు చూసి, మళ్ళీ ఇది చూసి, కెప్టెన్‌ని లేపేసరికి ఐదుంపావు. కెప్టెన్‌ని లేపాల్సింది మూడింటికి. అంటే రెండు గంటలకు పైగా నేను మింగేశాను. మూడింటికి అయితే దీపాలు వేసుకుని, డెక్కు మీదికి నీళ్ళు రాకముందే ముందుభాగంలో కట్టాల్సినవి కట్టేసి రావచ్చు. ఐదున్నరకి అప్పటికే అలలు ముక్కు మీదికి ఎక్కుతున్నాయి. కెప్టెన్ ఓడ వేగం తగ్గించి, అలలకి వాటంగా తిప్పి, మనుషుల్ని ముందుకి పంపాడు. వెళ్ళింది సరంగు, ఇంకో ఇద్దరు.

సరంగు అంటే తెలుసు కదా, ఇప్పుడు బోసన్ అంటున్నారు, డెక్కు పనివాళ్ళందరికీ పెద్ద. నాకు ముడులు వెయ్యడం నేర్పింది ఆయనే. నా వేళ్ళు పట్టుకుని తాడు చుట్టించేవాడు, పలక మీద అక్షరాలు దిద్దించినట్టు. బ్రిడ్జి మీద నుంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆయన వెంటిలేటర్ మూత బిగిస్తూ వంగి ఉన్నాడు. ఓడ ముక్కు దిగింది, ఆకుపచ్చటి నీళ్ళు గోడలాగా లేచాయి. నురగలేని నీళ్ళు అవి, బరువైనవి. నీళ్ళు పోయాక చూస్తే ఆయన మూత దగ్గర లేడు, వించి కింద ఉన్నాడు. తొడ ఎముక విరిగింది. మిగతా ఇద్దరూ ఎలాగో లాక్కొచ్చారు.

రేవు చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. మూడో రోజు కెప్టెన్ నన్ను పిలిచాడు. ఆయన క్యాబిన్‌లో సొంత బారోగ్రాఫ్ ఒకటి ఉండేది, చిన్న డ్రమ్ము మీద కాగితం చుట్టి ఉంటుంది, పెన్ను దానంతట అదే గీత గీసుకుంటూ పోతుంది. ఆ వారం కాగితం విప్పి లాగ్‌బుక్కు పక్కన పెట్టాడు. గీతలో అర్ధరాత్రి నుంచి పొద్దుటిదాకా ఒకటే జారుడు. ఆయన కేకలు వెయ్యలేదు. పెన్ను ఇచ్చి, "దిద్దు" అన్నాడు. చెరపకూడదు, రబ్బరు పెట్టకూడదు, తప్పు అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. మూడు గడులు, మూడు సంతకాలు. తర్వాత, "ఇది సరంగుకి నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న, "బాబూ, నీళ్ళు" అన్నాడు. రేవు చేరేదాకా ఆయనకి మంచం దగ్గర చెయ్యాల్సిన పనులన్నీ నేనే చేశాను. ఆయన మళ్ళీ ఓడ ఎక్కలేదు. నన్ను క్షమించాడో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. దీన్ని నేను నీకు కథలాగా ముగించి చెప్పలేను.

అందుకే అంటున్నాను, వాంతులు వస్తే వస్తున్నాయని చెప్పు. నెల్సన్ అంతటి నౌకాదళ సేనాని, జీవితమంతా ఓడల్లో గడిపి, గాలి గట్టిగా వీస్తే చాలు వికారంతో బాధపడేవాడు. నీకు వస్తే నామోషీ ఏమిటి? "సార్, నాకు బాగాలేదు, రెండు గంటల రీడింగ్ తియ్యలేదు" అన్న మాట నా నోట వచ్చి ఉంటే, ఆయన రెండు తిట్లు తిట్టి తనే చూసుకునేవాడు. చూడకపోతే గడి ఖాళీగా వదిలెయ్యి. ఖాళీ గడిని చూస్తే వెనకాల వచ్చేవాడు జాగ్రత్తపడతాడు. దొంగ అంకెని చూస్తే నిశ్చింతగా ఉంటాడు.

ఇంకా ఒకటుంది, నన్ను ఎక్కువ తొలిచేది. ఆ రోజుల్లో ఓడలు ఆరు గంటలకొకసారి వాతావరణం కబురు ఒడ్డుకి పంపేవి. ఐదేసి అంకెల గుంపులుగా రాసి ఇస్తే రేడియో ఆఫీసర్ మోర్స్‌లో కొట్టేవాడు. అందులో ఒక గుంపు, గత మూడు గంటల్లో ఒత్తిడి ఎంత మారిందో చెబుతుంది. ఆ పొద్దున్న ఆరింటి కబురులో ఆరు గంటల అంకె నిజం, దాన్ని తీసేసి చూసిన మూడు గంటల అంకె నాది. ఎక్కడో ఆఫీసులో ఎవరో మనిషి పెన్సిల్ పట్టుకుని మ్యాపు మీద మా ఓడ పక్కన ఆ తేడా వేసుకుని ఉంటాడు. దాన్ని బట్టి తుఫాను ఎంత వేగంగా వస్తోందో అంచనా కట్టి ఉంటాడు. నన్ను నమ్మి. మా తుఫాను తీరం చేరకముందే నీరసపడింది. అది నా పుణ్యం కాదు.

ఆ తర్వాత 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. ప్రభుత్వం లెక్కలోనే దాదాపు పదివేల మంది. అప్పుడు నేను భూగోళానికి అవతలి పక్కన ఉన్నాను, రేడియో ఆఫీసర్ చీటీ మీద రాసుకొచ్చి ఇచ్చాడు. వయసులో చిన్నవాణ్ణి, నా తుఫానుకీ దానికీ సంబంధం లేదు, అయినా ఆ రాత్రి నా చేత్తో రాసిన మూడు గడులు కళ్ళ ముందు నుంచి పోలేదు. ఒడ్డున పడుకున్నవాళ్ళకి నడిసముద్రంలో ఏం లేస్తోందో చెప్పేవాళ్ళు అప్పట్లో చాలా కొద్దిమంది. అందులో నేనూ ఒకణ్ణి.

నవ్వుతావు, తెలుసు. "పెదనాన్నా, ఇప్పుడు శాటిలైట్లు ఉన్నాయి" అంటావు. ఉన్నాయి, దణ్ణం పెట్టాలి వాటికి. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మంది పోతే, అదే ఒడిశాకి 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు పది లక్షల మంది దాకా ముందే ఖాళీ చేయించారు, పోయినవాళ్ళు పదుల్లోనే. అంచనాలు మెరుగుపడడం, షెల్టర్లు కట్టడం, మనుషులు కదలడం, అన్నీ కలిస్తే అయింది అది. కానీ శాటిలైట్ పై నుంచి మేఘాన్ని చూస్తుంది. సముద్రం మట్టం దగ్గర గాలి ఒత్తిడి ఎంతుందో నేరుగా కొలిచేది ఇప్పటికీ ఎక్కువగా ఓడ మీది బారోమీటరూ, నీళ్ళ మీద వదిలిన బోయాలే. నీ అంకె ఇప్పటికీ అవసరమే.

అసలు సైక్లోన్ అన్న మాటే ఓడల లాగ్‌బుక్కుల్లోంచి పుట్టింది. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అని ఒకాయన ఉండేవాడు, ఒకప్పుడు ఓడ నడిపినవాడు. తుఫానులో చిక్కి బయటపడ్డ ఓడల లాగ్‌బుక్కులు తెప్పించుకుని, ఏ గంటకి ఏ ఓడకి గాలి ఏ వైపు నుంచి వీచిందో కాగితం మీద గుర్తులు పెట్టుకుంటూ పోతే, అవన్నీ కలిసి పాము చుట్టలాగా కనబడ్డాయి. 1848లో వేసిన పుస్తకంలో పాము చుట్టకి గ్రీకు మాట పట్టుకుని సైక్లోన్ అని పేరు పెట్టాడు. అదే ఆయన 1853లో, మాత్లా నది మీద కొత్త రేవు కట్టొద్దు, ఉప్పెన వచ్చి తుడిచేస్తుందని గవర్నర్ జనరల్‌కి ఉత్తరం రాశాడు. వినలేదు, పోర్ట్ కానింగ్ కట్టారు. 1867లో తుఫాను వచ్చి దాన్ని పాడుచేసి పోయింది. అప్పటికి పిడింగ్టన్ లేడు. ఎవరో పేరు తెలియని ఆఫీసర్లు, ఊగే ఓడలో తడిసిన పుస్తకంలో నిజం రాసి పెట్టబట్టి కదా ఆయనకి ఆ చుట్ట కనబడింది!

పాత కబురుని నమ్మొద్దన్నది కూడా ఇందులోదే. 2015 అక్టోబరు 1న ఎల్ ఫారో అనే అమెరికన్ ఓడ బహమాస్ దగ్గర జోక్విన్ హరికేన్‌లో మునిగి 33 మంది పోయారు. మరుసటి ఏడాది సముద్రం అడుగు నుంచి రికార్డర్ పైకి తీసి బ్రిడ్జి మీది మాటలన్నీ విన్నారు. కెప్టెన్ చూసుకున్న వాతావరణం సమాచారం గంటల నాటి పాతదని, కింది ఆఫీసర్లు కొత్త కబురు చూసి దారి మారుద్దామని ఫోన్ చేసినా ఆయన వినలేదని విచారణలో తేలింది. ఆ కింది ఆఫీసర్లలో ఒకరి స్థానంలో నువ్వు నిలబడితే ఏం చేస్తావని నేను చాలాసార్లు ఆలోచించాను. తెర మీద తుఫాను బొమ్మ కనిపించగానే ముందు అది ఏ గంటదో చూడు. ఆ గంట పైకి చదివి చెప్పు. కెప్టెన్ చిరాకు పడితే పడనీ, ఇంకోసారి చెప్పు.

ఉత్తరార్ధగోళంలో గాలికి ఎదురుగా నిలబడితే తుఫాను మధ్యభాగం నీ కుడిచేతి వైపు, కొంచెం వెనక్కి ఉంటుంది. దక్షిణాన అయితే ఎడమచేతి వైపు. తెరలన్నీ ఆరిపోయినా ఒళ్ళు చెప్పే సంగతి ఇది, ఎక్కిన వారంలోనే అలవాటు చేసుకో. సముద్రం వెచ్చదనం కూడా చూస్తూ ఉండు. 26.5 డిగ్రీలు దాటిన నీళ్ళే తుఫానుకి మేత. భూమి మీద పెరుగుతున్న వేడిలో నూటికి తొంభై వంతులకు పైగా సముద్రమే మింగుతోంది. నా రోజుల్లో నెమ్మదిగా ముదిరే తుఫాన్లు ఇప్పుడు ఒక్క రాత్రిలో ముదురుతున్నాయని వింటుంటే, నీ వాచ్ నా వాచ్ కంటే కష్టమనిపిస్తుంది.

అబద్ధం రాయమని నిన్ను ఎవరూ నేరుగా అడగరు. రెస్ట్ అవర్స్ కాగితం మీద అడుగుతారు. రోజులో పది గంటలు, వారంలో డెబ్భై ఏడు గంటలు విశ్రాంతి ఉండాలని రూలు. రేవుల్లో అది కుదరదు, అయినా కుదిరినట్టు నింపమంటారు. "అందరూ చేసేదే" అంటారు, నిజంగానే చాలామంది చేసేదే. కొత్త పిల్లవి, కొట్లాడమని నేను అనలేను, ఉద్యోగం పోతే నేను ఇప్పించలేను. నీ దగ్గర ఒక చిన్న డైరీ పెట్టుకో, ఎప్పుడు పడుకున్నావో, ఎప్పుడు లేచావో ఉన్నది ఉన్నట్టు రాసుకో. చెయ్యి అబద్ధానికి అలవాటు పడకుండా అది కాస్త కాపాడుతుంది. ఇంతకంటే గొప్ప సలహా నా దగ్గర లేదు, సిగ్గుగానే ఉంది.

మీ నాన్న అడిగాడు, ఇంత ప్రమాదం ఉంటే అసలు ఎందుకు వెళ్ళాలి అని. వాడికి ఇలా చెప్పు. ప్రపంచంలో దేశాల మధ్య నడిచే సరుకులో నూటికి ఎనభై వంతులకు పైగా ఓడల మీదే వెళుతుంది. ఒక మాదిరి ఓడ అరవై వేల టన్నుల గోధుమలు మోస్తుంది. మనిషికి ఏడాదికి రెండు వందల కిలోలు వేసుకో, మూడు లక్షల మందికి ఏడాది తిండి. దాన్ని ఇరవై రెండు మంది తీసుకెళతారు.  నువ్వు వేరే దేశం నుంచి చేసే వీడియో కాల్ కూడా సముద్రం అడుగున పరిచిన తీగల్లోంచే వస్తుంది. వాన సంగతి చెప్పక్కర్లేదు. ఒడ్డున నిక్షేపంగా కూర్చున్నవాళ్ళు కూడా సముద్రం మీదే బతుకుతున్నారు. వాళ్ళకి తెలియదు, అంతే.

పడవల్లో చేపలకి వెళ్ళేవాళ్ళు కనబడితే దూరంగా తప్పుకుని వెళ్ళేలా వాచ్ ఆఫీసర్‌కి ముందుగా చెప్పు. చీకట్లో వాళ్ళ దీపం అగ్గిపుల్లంత ఉంటుంది. రాడార్‌లో కొన్నిసార్లు కనబడదు కూడా. కళ్ళతో చూడు. తుఫాను హెచ్చరిక వినబడ్డాక కూడా ఏదైనా పడవ లోపలికి పోతుంటే వీహెచ్‌ఎఫ్ రేడియోలో పిలిచి చూడమను. పలకకపోవచ్చు, సెట్టు ఉండకపోవచ్చు. అయినా పిలవమను.

ఇంకా చాలా ఉన్నాయి, చెయ్యి నొప్పెడుతోంది. మీ పెద్దమ్మ వెనకాల నిలబడి, "దాన్ని భయపెట్టి చంపకండి" అంటోంది. ఆవిడ నీకోసం ఉన్ని టోపీ అల్లుతోంది, ఉత్తర అట్లాంటిక్ దాకా వెళితే పెట్టుకో, వెళ్ళకపోతే వెళ్ళానని చెప్పు. ఆ ఒక్క అబద్ధానికి నేను ఒప్పుకుంటాను.

ఈ ఉత్తరంతో పాటు మడతలు పడ్డ కాగితం ముక్క ఒకటి పెడుతున్నాను. ఓడ దిగి వెళ్ళే రోజు మా కెప్టెన్ నాకు ఇచ్చింది, ఆ వారం బారోగ్రాఫ్ కాగితం. ఊదారంగు సిరా బాగా వెలిసిపోయింది గానీ, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే గీత ఇంకా కనబడుతుంది. రాత్రి పన్నెండు దగ్గర వేలు పెట్టి మెల్లగా కుడివైపు జరుపు. రెండు, మూడు, నాలుగు. ఎక్కడ ఎంత దిగిందో నీకే తెలుస్తుంది. దీన్ని నీ క్యాబిన్‌లో పెట్టుకో, తడవనివ్వకు.

ఓడ ఎక్కగానే ఫోన్ సిగ్నల్ ఉండగానే ఒక మెసేజ్ పెట్టు. బాగానే చేరాను, అందరూ మంచివాళ్ళే లాంటివి మీ నాన్నకి పెట్టు. నాకు మీ బ్రిడ్జి మీద బారోమీటరు ఎంత చూపిస్తోందో పెట్టు, ఎన్ని గంటలకి చూశావో కూడా.

మీ పెదనాన్న